నల్లగుడ్డ మీద లేచిన బొమ్మ

ఖాళీ ఫ్రేమని పోలీసులు వదిలేసిన ఫిల్ము ముక్కని బెన్సన్ రెండు వేళ్ల మధ్య పట్టుకుని ట్యూబులైటుకి అడ్డం పెట్టాడు. దాంట్లోంచి నాకు కనిపించిందల్లా ట్యూబులైటే.

"ఇదే బావా, మా జ్ఞానం ఆకరి ఫోటో," అన్నాడు.

"ఫోటో ఏదీ? కళ్లజోడుకి అతికించుకునే అద్దంలాగున్నాది."

ఎవరూ నవ్వలేదు. నా మాటలకి జనం నవ్వకపోవడం వన్ టౌన్‌లో కొత్తేమీ కాదు. కానీ ఆ సాయంత్రం బెన్సన్ స్టూడియోలో కూర్చున్నవాళ్లకి ఓ నవ్వు చాలా అవసరం.

జ్ఞానశేఖర్ పోయి వారం కాలేదు. ఫిషింగ్ హార్బరు వెనకాల మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ ఒకటుంది. దాని బయటి మెట్ల కింద, తల పగిలి, మెళ్లో కెమెరాతో దొరికాడు. పోర్టు కలాసీల్నీ, స్టీలు ప్లాంటు కాంట్రాక్టు కూలీల్నీ, వలలు బాగుచేసుకునేవాళ్లనీ జీవితమంతా ఫిల్ము మీదే ఫోటోలు తీసిన మనిషి. ఈ మధ్య ఆ ఫ్యాక్టరీలో తలదాచుకుంటున్న కుటుంబాల్ని తీస్తున్నాడు. పెళ్లి లేదు, పిల్లల్లేరు. మా వీధి చివర ఇడ్లీ బండి దగ్గర ఇద్దరం రోజూ పక్కపక్కన నిలబడి పొట్లాలు కట్టించుకునేవాళ్లం. ఎవరి పొట్లం వాళ్లు పట్టుకుని ఎవరి గదికి వాళ్లం పోయేవాళ్లం. కలిసి తిందామన్న ముక్క ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టినప్పుడు బయటపడింది, ఊరందరి ఫోటోలూ తీసినవాడికి తన ఫోటో ఒక్కటీ లేదని. పెళ్లి ఫోటోలు తీసే రోజలిన్ తన కంప్యూటరంతా తిరగేసింది. చివరికి ఓ పెళ్లిలో, భోజనాల బంతి వెనకాల, కెమెరా మీదకి వంగిన వీపు ఒకటి దొరికింది. ఆ వీపునే పెద్దది చేయించి దండ వేశాం.

కేసు సంగతి ఇదీ. అప్పలసూరి అనే మనిషి ఆ ఫ్యాక్టరీలో ఐసు కొట్టేవాడు. అది మూతపడ్డాక అక్కడే పెళ్లాంతో ఓ మూల పడుకుంటున్నాడు. శవం పక్కన దొరికిన ఐసు కొక్కెం అతనిది. అంతకుముందు వారం "నా ఫోటో తియ్యొద్దు" అని జ్ఞానశేఖర్ మీద అరిచాడని చెప్పినవాళ్లున్నారు. సి.ఐ. గురునాథరావుకి ఆ రెండూ చాలు, లోపలేసేశాడు. అప్పలసూరి పెళ్లాం తవిటమ్మ చేపల గంప దించి, ప్రైవేటు డిటెక్టివ్ బోర్డున్న నా గుమ్మం ముందు కూర్చుంది. ఫీజు కింద ఏమిస్తావని అడిగితే, "నిజం సెప్తాను మావా, నా దగ్గర అదే ఉన్నాది," అంది. నా వృత్తిలో అంత పెద్ద ఫీజు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

కెమెరాలో ఫిల్ముని కడిగి ఇమ్మని పోలీసులే బెన్సన్‌కి ఇచ్చారు. ఊళ్లో ఇంకా ఫిల్ము కడిగే తొట్టి ఉన్నది అతని దగ్గరే మరి. మిగతా ముక్కలు తీసుకెళ్లి, చివరి ఫ్రేములో ఏమీ లేదని ఇక్కడే వదిలేశారు.

"ఖాళీ ఫ్రేము తీసే మనిషి కాడు జ్ఞానం," అన్నాడు బెన్సన్. "దీపాలెట్టే వేళ. వెలుతురు సాలదు. షట్టరు నెమ్మదిగా పెడితే వెలుతురొస్తాది గానీ, ఎదుటోడు కదిల్తే అలికీసినట్టు అయిపోతాది. ఆ మనిషి కదులుతన్నాడు. అందుకని జ్ఞానం వెలుతురు వదిలేసుకుని మనిషిని పట్టుకున్నాడు. ఉన్నాది బావా దీంట్లో. లోపలెక్కడో ఉన్నాది."

రోజలిన్ అప్పటికే దాన్ని స్కానర్లో పెట్టి చూసింది. "ఎంత లాగినా చుక్కలు చుక్కలుగా ఇసకే వస్తంది అంకుల్. ఇసక తప్ప ఏటీ లేదు."

మూడోవాడు కెన్నీ. డ్రోన్‌తో వెంచర్లకి ఫోటోలు తీసే కుర్రాడు. వాళ్ల బావ దువ్వాడలో ప్లాట్లు వేస్తాడు. కెన్నీ ఆ ఇసక బొమ్మనే ఫోన్లో ఏదో యాప్‌కి తినిపించాడు. చిటికెలో బొమ్మ వచ్చింది. మెట్ల మీద తెల్లటి పళ్లతో నవ్వుతున్న అందగాడు, చేతికి ఆరు వేళ్లు.

"ఇడ్ని పట్టుకుంటే పిల్లనిచ్చి పెళ్లి సెయ్యొచ్చు," అన్నాను.

"అది గీసిన బొమ్మ, తీసిన బొమ్మ కాదు," అని రోజలిన్ కసిరింది. "లేనిది కలిపీకు కెన్నీ. ఉన్నది బయటికి లాగాల, అంతే."

బెన్సన్ లోపలి గదిలో టీ కాస్తుంటే నేను కెన్నీ పక్కన చేరాను. మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా నాకు అబ్బిన విద్య ఒక్కటే, కోతలు కొయ్యడం. డిటెక్టివ్‌నయ్యాక అదే పనికొచ్చింది. నా కోత వినగానే మనసులో ఏమీ లేనివాడు "ఊరుకో తాతా" అంటాడు. ఏదో దాచుకున్నవాడు మాత్రం మర్యాదగా తలూపుతాడు.

"మా ఊళ్లో ఓ అమావాస్యకి సీకటి ఎంత గట్టిగా పట్టీసిందంటే నాయనా, మా తాత దాన్ని కొడవలితో కోసి బుట్టలో ఏసి మూతెట్టీసేడు. మర్నాడు మిట్టమద్దేన్నం మూత తీత్తే ఊళ్లో కోళ్లన్నీ గూళ్లలోకి ఎళ్లిపోనాయి."

"అవునా తాతా," అని తలూపాడు కెన్నీ.

"జ్ఞానశేఖర్ పోయిన సాయంత్రం నువ్వెక్కడున్నావు?"

"గాజువాకలో. ఓ ఫంక్షన్ షూట్."

"ఆ ఐస్ ఫ్యాక్టరీ ఎప్పుడైనా సూసేవా?"

"రోడ్డు మీంచి చూడటమే. లోపలికెళ్లలేదు. ఆ మెట్లయితే అసలు ఎక్కనే లేదు."

"దాన్నెవరో కొనీసేరట కదా?"

"మా బావ బేరమాడుతన్నాడు. నాకా గొడవ తెలీదు తాతా."

టీ వచ్చింది. అందరం గ్లాసులు అందుకున్నాం.

"టైమెంతయ్యింది నాయనా?" అన్నాను ఊరికే.

కెన్నీ టీ గ్లాసున్న చెయ్యి అలాగే తిప్పి మెరిసే పెద్ద వాచీ చూసుకున్నాడు. టీ కాస్తా ఒలికి, మూలనున్న పాత పెట్టె కెమెరా మీద కప్పిన నల్లగుడ్డ అంచు మీద పడింది.

"ఒరే ఒరే, మా నాన్నగారి గుడ్డరా అదీ!" అని బెన్సన్ గుడ్డ లాగి దులపబోయి, మధ్యలో ఆగిపోయాడు. గుడ్డ వంకే చూస్తూ ఉండిపోయాడు. దాంట్లోకి తల దూర్చి తండ్రి ఎన్ని వేల మొహాలు చూశాడో, అవన్నీ ఇప్పుడు తనకేసి చూస్తున్నట్టు.

"నాన్నగారు సేసేవోరు," అన్నాడు మెల్లగా. "పల్చటి నెగెటివ్ ఒస్తే పారెయ్యకుండా... రోజలిన్, ఆ టేబుల్ లైటు ఇలా తే అమ్మా. కింద పెట్టు, ఇంకా కిందకి. ఆ ట్యూబులైటు ఆర్పీండి."

నల్లగుడ్డ బల్ల మీద పరిచాడు. ఫిల్ము ముక్కకి ఒక వైపు నిగనిగలాడుతుంది, రెండో వైపు మందు పూసి మసకగా ఉంటుంది. వేళ్లతో తడిమి మసక వైపు పైకి పెట్టాడు. లైటుని బల్లకి ఆనించి ఏటవాలుగా కొట్టాడు.

నేను ఎన్నో కోతలు కోశాను గానీ ఇది కోత కాదు. ఖాళీ ముక్కలోంచి బొమ్మ లేచింది. చీకట్లో నీళ్ల అడుగునుంచి చేప పైకొచ్చినట్టు, ముందు మెట్లు, తరవాత పక్కన ఇనప రెయిలింగు, ఆ పైన ఓ మనిషి.

"కదలొద్దు, ఎవరూ ఊపిరి పీల్చొద్దు," అంటూ రోజలిన్ తన కెమెరా పైన బిగించి, అదే ముక్కని మళ్లీ మళ్లీ తీసింది. ఆ ఫోటోలన్నీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చితే ఇసక తగ్గి మనిషి గట్టిపడ్డాడు. మొహం మాత్రం నీడే. ఒక చెయ్యి పైకెత్తి ఉంది. చేతిలో కొక్కెం, మణికట్టుకి తెల్లగా ఏదో మెరుపు.

నేను బొమ్మకంటే ఎక్కువ కెన్నీని చూడవలసింది. చూశాను గానీ తప్పుగా అర్థం చేసుకున్నాను. మొదట మొహం పాలిపోయింది, తరవాత రంగు తిరిగొచ్చింది. కుర్రాడు చనిపోయినవాణ్ణి తలుచుకుంటున్నాడు కాబోలనుకున్నాను.

సరిగ్గా అప్పుడే తవిటమ్మ వచ్చింది. తెరముందు నిలబడి చూసింది, చూసి నోరు జారింది.

"ఓలమ్మో! ఎడంసెయ్యి!"

అప్పలసూరి కుడిచేతి వేళ్లు ఎప్పుడో ఐసు మిషన్లో పోయాయి. అన్నం, పని, దండం, అన్నీ ఎడంచేత్తోనే. హార్బర్లో ఆ సంగతి తెలియని పిల్లి కూడా లేదు.

"మా ఆడికి వాసీ ఎక్కడిది మావా? మా ఇంట్లో గంటలు సెప్పేది కోడే కదా," అని తవిటమ్మ నా చెయ్యి పట్టుకుంది. అంతలోనే గోడకి జారగిలబడిపోయింది. "నా నోటితో నానే ఆణ్ణి ఉరితీసీసినాను."

బెన్సన్, రోజలిన్ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. సాయం చేద్దామని చీకట్లోంచి లాగిన తాడు ఆ మనిషి మెడకే పడింది.

కెన్నీ ఆ బొమ్మని అప్పటికే ఫోటోగ్రాఫర్ల గ్రూపులో పెట్టేశాడనీ, అది స్టేషను దాకా వెళ్లిందనీ స్టూడియో మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించాకే తెలిసింది.

"ఏటి గంగాధరరావుగారూ! మీ తాత సీకటి బుట్టకి మళ్లీ మూత తీసేరా?" గురునాథరావు లోపలికి వస్తూనే తెర మీదకి వంగాడు. నేను క్రైం సెక్షన్లో హెడ్డు కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు అతను కొత్త ఎస్సై. నా కోతలు అప్పటినుంచీ వింటున్నాడు, అప్పటినుంచీ ఒక్కటీ నమ్మలేదు. "పొద్దుటిదాకా నా దగ్గర కొక్కెం ఒక్కటే. ఇప్పుడు ఫోటో మీరే ఇచ్చారు. సన్మానం చెయ్యాల మీకు."

"మొహం లేదు దాంట్లో."

"చెయ్యుంది కదా."

"ఆ చేతికి వాచీ ఉన్నాది. అప్పలసూరికి లేదు."

"కడియం కావొచ్చు. కొట్టుకొచ్చిన వాచీ కావొచ్చు."

"సరే, ఇది సెప్పండి. సంపినోడు కెమెరాని ఎందుకు వదిలీసేడు? తన ఫోటో తీసేడని కోపమొచ్చినోడు ముందు కెమెరా బద్దలు కొడతాడా, మనిషినా?"

గురునాథరావు ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణం నాకు వారానికి సరిపడా భోజనం పెట్టింది.

"తాగి ఉన్నాడు," అన్నాడు తేరుకుని. "తాగినోడికి లెక్కేటి? సీను చూడటం అయిపోయింది, అక్కడి కాపలా కూడా తీసీసేం. రేపు కోర్టులో ఈ ఫోటో పెడతాను. నేనింకో పని మీద పోవాల, ఆ ముక్క స్టేషన్లో ఇచ్చీండి. పారేసిందే మళ్లీ అడుగుతన్నానని నవ్వకండి."

"నేనిస్తాను సార్, అటే వెళ్తన్నాను," అన్నాడు కెన్నీ. బెన్సన్ ముక్కని కవర్లో పెట్టి అతని చేతికిచ్చాడు. ఎవరమూ అడ్డు చెప్పలేదు. ఆ ముక్కని మళ్లీ చూడాలన్న కోరిక ఎవరికీ మిగల్లేదు.

మర్నాడు సాయంత్రం, జ్ఞానశేఖర్ పోయిన వేళకి, నేనొక్కణ్ణే ఐస్ ఫ్యాక్టరీకి వెళ్లాను. ఆ ఉదయం కోర్టులో ఫోటో చూసి బెయిలివ్వలేదు. తవిటమ్మ నాకు వీపు తిప్పి గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. ఫ్యాక్టరీలో ఉన్న కుటుంబాలు కూడా సర్దుకుని వెళ్లిపోయాయి. ఆరేసిన ఓ పసిపిల్ల గౌను మాత్రం తాడు మీదే మరిచిపోయారు. అది గాలికి ఊగుతుంటే, ఇంతసేపటికి నన్ను పలకరించింది ఇదొక్కటే అనిపించింది.

మెట్లు గోడ వారగా పైకి వెళ్తున్నాయి. నా మోకాళ్లు నా మాట విని చాలాకాలమైంది. రెయిలింగు పట్టుకుని, మెట్టుకో ఆయాసం చొప్పున ఎక్కుతూ, మళ్లీ కెమెరా గురించే ఆలోచించాను. ఎందుకు వదిలేశాడు? పట్టుబడతానన్న భయం లేనివాడే వదిలేస్తాడు. ఆ వెలుతురులో ఫిల్ము మీద ఏమీ పడదని తెలిస్తేనే భయం ఉండదు. అది ఐసు కొట్టేవాడికి తెలిసే సంగతి కాదు. చేపలమ్మేవాళ్లకీ పోలీసులకీ కూడా తెలియదు.

తెలిసేది ఫోటోగ్రాఫరుకే.

మేడ మీదికి చేరాను. పావురాల రెట్టలు, ఈకలు, బొగ్గునుసి, చాపలా పరుచుకుని ఉన్నాయి. మధ్యలో మాత్రం ఓ గుండ్రటి చోటు శుభ్రంగా ఉంది, ఎవరో రాక్షసుడు కూర్చుని నోటితో ఊదినట్టు. చీపురు గీతల్లేవు. దుమ్మంతా అంచులకి ఎగిరి గట్టులా పడింది. మా ఊళ్లో పెళ్లికి డ్రోన్ పైకి లేచినప్పుడు దాని రెక్కలకి విస్తరాకులన్నీ ఇలాగే ఎగిరాయి.

కెన్నీ ఈ మెట్లు ఎక్కనే లేదన్నాడు. బావ కొనబోయే జాగాని ఖాళీ జాగాలా పైనుంచి తీస్తుంటే, కింద కాపురాలున్నాయని ఫోటోలు తీసే మనిషి ఎదురుపడ్డాడన్నమాట.

చెమట తుడుచుకుందామని చెయ్యెత్తాను. అరచెయ్యంతా ఎర్రగా తుప్పు. ఎడం అరచెయ్యి. కుడిచెయ్యి శుభ్రంగా ఉంది.

కాసేపు ఆ చేతుల్నే చూస్తూ నిలబడ్డాను. ఎక్కేటప్పుడు రెయిలింగు ఎడంపక్క, గోడ కుడిపక్క. జ్ఞానశేఖర్ కిందనుంచి పైకి తీశాడు, అతనికీ రెయిలింగు ఎడంపక్కే ఉండాలి. ఫోన్లో బొమ్మ తెరిచాను. రెయిలింగు కుడిపక్కనుంది.

బెన్సన్‌కి ఫోన్ చేశాను. "బెన్సన్ బావా, ఆ ముక్క గుడ్డ మీద ఎలా పెట్టేవు? నిగనిగ వైపు పైకా, మసక వైపా?"

"మసక వైపే బావా. అలా పెడితేనే బొమ్మ లేస్తాది."

"అలా పెడితే కుడి ఎడమవదా?"

"అవుతాది," అన్నాడు బెన్సన్. "బొమ్మ పెద్దది సేసే ఎన్‌లార్జర్లో పెట్టేటప్పుడు తిప్పి పెడతాం. అది సేతికి అలవాటు, బుర్రతో పన్లేదు. కానీ నిన్న ఎన్‌లార్జర్ లేదు కదా. రోజలిన్ కెమెరాతో తీసింది. నాను... రోజలినమ్మా! నిన్న బొమ్మ తిప్పేవా?"

దూరంగా రోజలిన్ గొంతు వినిపించింది. "మీరు సరిగ్గా పెట్టేరనుకున్నాను అంకుల్. తిప్పాలని నాకు తెలీదు."

పాతచేతికి తిప్పే మిషను లేదు, కొత్తచేతికి తిప్పాలన్న సంగతి తెలీదు. మధ్యలో అప్పలసూరి జైల్లో పడ్డాడు.

పైగది తలుపుకి పగిలిన అద్దం ఒకటి మిగిలి ఉంది. ఫోన్‌ని దానికెదురుగా పట్టి అద్దంలోకి చూశాను. రెయిలింగు తన చోటికి వచ్చి నిలబడింది. కొక్కెం కుడిచేతిలోకి మారింది. వేళ్లన్నీ ఉన్న కుడిచెయ్యి. వాచీ కూడా కుడి మణికట్టు మీదికి వచ్చింది.

టీ తాగే చేతికే వాచీ పెట్టుకునేవాడు టైము చూస్తే టీ ఒలుకుతుంది.

గురునాథరావుకి ఫోన్ చేశాను. "కెన్నీ ఆ ముక్క ఇచ్చేడా?"

"ఇంకా రాలేదు. ఏటి మళ్లీ?"

నేను చెప్పాను. తుప్పు, అద్దం, టీ, దుమ్ములో గుండ్రటి మచ్చ, అన్నీ. చెబుతుంటే నాకే వినబడుతోంది, నా కోతలన్నిటికంటే ఇదే పెద్ద కోతలా ఉందని.

"బొమ్మ అద్దంలో చూత్తే ముద్దాయి మారిపోనాడా?" గురునాథరావు నవ్వాడు. "మీ తాత సీకటి కోసీనప్పుడు కూడా నమ్మేను గానీ, ఇది మాత్రం..."

"గురునాథరావ్ బాబూ, ఒక్కసారి ఒచ్చి ఈ మెట్లెక్కు. నీ ఏ సేతికి తుప్పంటుతాదో నువ్వే సూసుకో."

"రేపు చూద్దాం, పడుకోండి," అని పెట్టేశాడు.

జీవితంలో మొదటిసారి అచ్చంగా నిజం చెప్పాను. వినడానికి ఆ మేడ మీద పావురాలు కూడా లేవు.

కింద గేటు కిర్రుమంది. పసుపుపచ్చ జేసీబీ ఒకటి, తొండం పైకెత్తుకుని లోపలికి వచ్చింది. దాని ముందు నడుస్తూ కెన్నీ.

"తాతా!" అని కేకేశాడు, ఎంతో ఆపేక్షగా. "మీరక్కడేం చేస్తన్నారు? దిగిపోండి. మా బావకి రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఈ మెట్లు పాతవి, ముందు ఇవే కొట్టించమన్నాడు. ఎవరైనా పడిపోతారని."

"పడ్డాడు కదా నాయనా ఒకడు! ఆ ముక్క స్టేషన్లో ఇచ్చీసేవా?"

"దార్లో ఎక్కడో పడిపోయింది తాతా. జేబుకి చిల్లు."

నెగెటివ్ పోయింది. ఇక ఆ బొమ్మ తిరగబడిందని చెప్పగల సాక్షి ఈ భూమ్మీద ఒక్కటే, నా కాళ్ల కింద ఉన్న ఈ మెట్లు, గోడలోకి దిగ్గొట్టిన ఈ రెయిలింగు. అదీ పోతే అప్పలసూరి ఎడంచెయ్యి ఎప్పటికీ ఎడంచెయ్యే.

నేను పైమెట్టు మీద కూర్చున్నాను. కుడిచేత్తో రెయిలింగు గట్టిగా పట్టుకున్నాను.

"మా తాత ఓసారి ఏనుక్కి అడ్డంగా కూకున్నాడు నాయనా," అన్నాను. "ఏనుగే సుట్టుతిరిగి ఎళ్లిపోనాది."

ఈసారి కెన్నీ తలూపలేదు. "ఊరుకో తాతా," అన్నాడు.

మొదటిసారి దాపరికం లేకుండా మాట్లాడాడు. అప్పుడు నిజంగా భయం వేసింది.

జేసీబీ డ్రైవరు నన్ను చూసి బండి ఆపాడు. కెన్నీ అతనివైపు తిరక్కుండానే, నా కళ్లలోకి చూస్తూ, "రా, రా" అన్నట్టు కుడిచెయ్యి పైకెత్తాడు. మణికట్టు మీద వాచీ తళుక్కుమంది. నిన్న నల్లగుడ్డ మీద లేచిన బొమ్మే, ప్రాణంతో, నా ఎదురుగా.

నా జన్మలో ఎవరి ఫోటో తీసి ఎరగను. ఫోన్ ఎత్తాను. మెట్లు, రెయిలింగు, ఆ చెయ్యి, మూడూ తెరలోకి వచ్చేదాకా ఆగి నొక్కాను. దీపాలెట్టే వేళ. తెర మీద పడిందంతా నలుపే. జేసీబీ తొండం కింది మెట్టుకి తగిలి, నేను కూర్చున్న రాయి వణికింది.

ఆ నల్ల ముక్కనే బెన్సన్‌కీ రోజలిన్‌కీ పంపించాను. చీకటైతే ఏం, దాన్ని బుట్టలోంచి తీసే చేతులు వన్ టౌన్‌లో రెండు జతలున్నాయి. ఫోన్లో తీసిందే కాబట్టి, ఈసారి బొమ్మ తిప్పే పని కూడా లేదు.